వెనక మూతలో నా గుర్తు

దయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరైనా మొదలుపెడితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. గడియారాలు బాగుచేసేవాణ్ని. ఆగిపోయిన ప్రతిదానికీ లోపల ఒక కారణం ఉంటుందనీ, కళ్లు పెట్టి చూస్తే అది దొరుకుతుందనీ ముప్పై ఏళ్లు నమ్మి బతికాను. ఇప్పుడు రాసేదానికి మాత్రం కారణం దొరకలేదు. వెతకలేదని మాత్రం అనకండి.

నా దుకాణం దిల్‌సుఖ్‌నగర్‌లో, మెయిన్ రోడ్డు వదిలి లోపలికొస్తే ఒక గల్లీలో ఉంది. మాది నల్లగొండ జిల్లా. పని నేర్పింది సుబ్బారావు గారు. ఎప్పుడో తెనాలి నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ మనిషి. ఆయన బల్ల పక్కన తొమ్మిదేళ్లు కూర్చున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. రెండ్రోజులకో బంద్. ఒకరోజు ఆయన ఇంట్లోనే మాటా మాటా పెరిగింది. "మీరంత మీ ఊర్లకు పోతెనే మాకు నౌకర్లొస్తయ్" అనేశాను. నాకు అన్నం పెట్టే పని నేర్పిన మనిషిని పట్టుకుని! ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. తర్వాత ఎనిమిది నెలలు మా మధ్య మాటల్లేవు. తప్పు నాదేనని తెలుసు. వెళ్లి ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

అప్పుడే లలితమ్మ గారు వచ్చారు. సరూర్‌నగర్ వైపు కాలనీలో ఉంటారు, రిటైరైన లెక్చరర్. కళ్లజోడు పెట్టెలో దూది మధ్య ఒక చేతి గడియారం తెచ్చారు. వాళ్ల తాతగారు డాక్టరట, ప్రాణం నిలబెట్టినందుకు ఒక జాగీర్దారు ఇచ్చాడట.

అలాంటిది పుస్తకాల్లో బొమ్మ చూడటమే తప్ప నేను చేత్తో ముట్టింది లేదు. తారీఖు, నెల, చంద్రుడి కళ అన్నీ చూపిస్తుంది. ఏ ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులో దానికే తెలుసు. పక్కనున్న మీట జరిపితే ఎన్ని గంటల ఎన్ని నిమిషాలైందో సన్నగా మోగి చెబుతుంది. బ్యాటరీ లేదు, అంతా చక్రాల పనే.

విదేశంలో వేలంపాటకు పంపుతున్నారు. వేలంపాట సంస్థ పెట్టిన షరతులు రెండు: గంట మోగాలి; లోపలా బయటా ఎక్కడా అరగదీయడం, పాలిష్ పెట్టడం చేయకూడదు. గంటేమో మోగడం లేదు.

మా పనిలో ఒక అలవాటు ఉంది. గడియారం బాగుచేశాక వెనక మూత లోపలివైపు సూదితో చిన్నగా మన గుర్తు, తారీఖు గీస్తాం. బయటివాళ్లకు కనబడదు, తర్వాత తెరిచే పనివాడికే తెలుస్తుంది. దానికి తోడు సుబ్బారావు గారు ఇంకోటి నేర్పారు. ముందు చేసినవాడు చనిపోయాడని మనకు తెలిస్తే, అతని గుర్తు కింద సన్నటి గీత గీయాలి. అది మేం పెట్టే దండం.

మర్నాడు పొద్దున పదకొండు గంటలకు మూత తెరిచాను. అంచు చుట్టూ మురికి గట్టిపడి ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ తెరవలేదని దాన్ని చూస్తేనే తెలుస్తుంది. లోపల నాలుగు గుర్తులున్నాయి. రెండు ఎవరివో తెలియదు. మూడోది సుబ్బారావు గారిది, పాత తారీఖుతో. నాలుగోది నాది.

నేను 'య' రాసి తోకను ఎడమకు తిప్పుతాను. బొటనవేలికి పాత దెబ్బ ఉండటం వల్ల ఆ తోక చివర కొంచెం వంకర పోతుంది. ఆ వంకర కూడా ఉంది. పక్కన తారీఖు. దానికి ఇంకా పదకొండు రోజులుంది.

గుర్తు కింద గీత ఉంది.

భూతద్దం తీసి కళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. గీతల్లో నల్లటి మురికి పేరుకుని ఉంది, నిన్న మొన్న గీసినవి కావు. సిగ్గుపడకుండా చెబుతున్నాను, స్టూలు మీద నుంచి పది నిమిషాలు లేవలేకపోయాను.

గట్టిపడ్డ నూనె తుడిచాను, గంట మోగింది. గుర్తు మాత్రం పెట్టలేదు. ఆ సాయంత్రం సుబ్బారావు గారికి ఫోన్ చేశాను. ఎనిమిది నెలల తర్వాత ఇంకెవరికి చేయను? అంతా విని, "తారీఖు చదువు" అన్నారు. చదివాను. "మళ్లీ చదువు" అన్నారు. తర్వాత పెట్టేశారు.

మర్నాడు బంద్. షట్టర్ సగం దించుకుని కూర్చున్నాను. గొడుగు పట్టుకుని ఆయన వచ్చారు.

"సార్, గీ బంద్‌ల ఎట్ల వచ్చిన్రు?"

"నడిచొచ్చానయ్యా. కొత్తపేట దగ్గర ఊరేగింపులో కుర్రాళ్లు నీడలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఏదీ, అది ఇటివ్వు."

చాలాసేపు చూశారు. నన్ను కాసేపు బయట నిలబడమన్నారు. పది నిమిషాలకు పిలిచేసరికి మూత బిగించి గుడ్డతో తుడుస్తున్నారు. "ఇక దీని మూత తియ్యకు. గంట మోగుతోందిగా, ఇచ్చెయ్" అన్నారు.

"సార్, ఆ రోజు నేనన్న మాట..."

"ఊరికి పొమ్మన్నావు, అంతేగా? పోతాలేవయ్యా" అని నవ్వారు. మళ్లీ నన్ను ఆటపట్టిస్తున్నారన్న సంతోషంలో నేనూ నవ్వాను.

గడియారం లలితమ్మ గారికి ఇచ్చేశాను. వేలంపాట సంస్థ మనిషి వచ్చి తీసుకెళ్లాడు. నేను మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. స్కూటర్ ఎక్కడం మానేశాను. ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో మా ఆవిడకు రెండుసార్లు చూపించాను. "ఏందయ్యా గిట్ల చేస్తున్నవ్? దవాఖానకు పోదాం పా" అని ఆమె ఒకటే పోరు.

ఆ తారీఖు నాడు స్నానానికి కూడా లేవలేదు, బాత్రూంలో జారతానేమోనని. పది దాటాక ఫోన్ వచ్చింది. సుబ్బారావు గారి అమ్మాయి. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్న ఆయన కూర్చున్నట్టే పోయారని ఏడుస్తూ చెప్పింది. ఆ క్షణంలో నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. నేను కాదు కదా అన్న ఊరట. అది రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు.

రెండు నెలల తర్వాత లలితమ్మ గారు వేలంపాట పుస్తకం తెచ్చి చూపించారు. వెనక మూత లోపలి ఫోటో పెద్దగా వేశారు. నా గుర్తు లేదు. అదే చోట సుబ్బారావు గారి గుర్తు మరొకటి, అదే తారీఖు, కింద గీత. ఫోటో తీసింది ఆయన పోవడానికి మూడు రోజుల ముందని వాళ్ల ఉత్తరంలో ఉంది. ఎక్కడా అరగదీసిన జాడ లేదని నిపుణుడి మాట కూడా అచ్చువేశారు.

నా బల్ల మీద సూది ఉంది కాబట్టి ఆయన తన గుర్తు తానే గీసుకున్నారనుకుందాం. లోహం అరగకుండా నాది ఎలా పోయింది? అసలు అక్కడికి ఎలా వచ్చింది? ఆయనకు గుండెజబ్బు లేదు, బీపీ లేదు. గడియారం ఎవరో పేరు చెప్పని మనిషి కొనుక్కున్నాడట, ఇక దాన్ని మళ్లీ చూసే దారి లేదు.

ఆ తర్వాత నేను ఏ గడియారం మీదా గుర్తు పెట్టలేదు. మూత తెరిచిన ప్రతిసారీ ముందు తారీఖులు చదువుతాను. ఆ పది నిమిషాలు నేను షట్టర్ బయట నిలబడి రోడ్డు చూస్తూ ఉన్నాను. లోపల ఆయన ఏం చేస్తున్నారో ఒక్కసారి తొంగి చూసి ఉంటే, చెయ్యి పట్టుకుని ఆపేవాణ్నేమో. ఆపేవాణ్నా అని నన్ను నేను అడిగితే, ఆ ఫోన్ విన్నప్పటి ఊరటే గుర్తొస్తుంది. అదే నా అసలు భయం.