మూడు కాలేజీలకు మూడు ఒరిజినల్స్

ఆ రోజు నేను చేసిన తప్పును ఒప్పుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకున్నానని మా ఆవిడ నమ్మదు. గుండె చిక్కబట్టుకుని చదవండి. కూతురి డాక్టరు చదువును కన్నతండ్రే మూడు ముక్కలు చేసి, మూడు చోట్ల పాతిపెట్టి వచ్చిన కథ ఇది.

మా భార్గవి నీట్ రాసింది. మార్కులు అటూ ఇటూ కానివి. మొదటి రౌండులో సీటు రాలేదు. రెండో రౌండు ఫలితం ఎప్పుడో ఎవరికీ తెలియదు. "వస్తాది నాయనా, గమ్మునుండు" అని తను నిమ్మళంగా ఉండేది. ఉండలేనిది నేనే. దానికి తోడు మా ఊరు తిరుమణిలో, టీ హోటల్లో కూర్చునే ఈరన్న మామ.

"ఏందప్పా, ఆ ఎంబీబీఎస్సు రాకుంటే పాపను యాడ చేర్పిస్తావు? అన్ని కాలేజీలూ నిండిపోతాయి. డిపాజిట్ కట్టి సీటు పట్టుకోప్పా!"

సీటు పట్టడం నాకు తెలిసిన విద్యే. పావగడలో బస్సు ఆగకముందే కిటికీలోంచి టవలు విసిరేవాణ్ని. కాలేజీకైనా అంతే కదా అనుకున్నాను. సోలార్ పార్కుకిచ్చిన మా భూమి మీద ఆ ఏడు వచ్చిన కౌలు డబ్బును మా ఆవిడ పాప హాస్టలుకని దాచింది. అది తీసుకుని, భార్గవి సర్టిఫికెట్లున్న పచ్చ ఫైలు చంకలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బెంగళూరు బస్సెక్కాను.

పళ్ల డాక్టర్ల కాలేజీలో డిపాజిట్ కట్టాను. ఒక ఒరిజినల్ ఇచ్చిపొమ్మన్నారు. పదో తరగతి మార్క్స్ కార్డు ఇచ్చాను. అలాగే డిపాజిట్ కట్టి ఆయుర్వేదం కాలేజీకి పీయూసీ, అంటే ఇంటర్ మార్క్స్ కార్డు, నర్సింగ్ కాలేజీకి టీసీ ఇచ్చాను. ఎవరికీ అన్యాయం చేయలేదు, పెళ్లిలో లడ్డూలు పంచినట్టు సమంగా పంచాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దన్నారు పెద్దలు. మూడు పడవల సంగతి వాళ్లు చెప్పలేదు మరి.

వారం తర్వాత పొద్దున్నే ఇంట్లో కేక. భార్గవికి సర్కారీ కాలేజీలో ఎంబీబీఎస్ సీటు! మరునాడు సాయంత్రం ఐదులోపు ఒరిజినల్స్‌తో పోయి చేరాలి, లేకుంటే సీటు పోతుంది. తను పచ్చ ఫైలు తెరిచింది.

"నాయనా, అన్నీ జిరాక్సులే ఉండాయి. ఒరిజినల్స్ యాడ?"

"భద్రంగా ఉండాయి పాపా."

"యాడ భద్రంగా?"

"బెంగళూర్లో."

"బెంగళూర్లో యాడ?"

"ఒక్క చోటైతే చెప్పొచ్చు..."

మా ఆవిడ బీరువా తెరిచి చూసి, మళ్లీ మూసింది. "డబ్బు గూడానా?" అంది.

"గూడానే."

ఆమె బీరువా తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు బెంగళూరు మూడు మూలలూ తిరిగాం. పళ్ల కాలేజీ గుమాస్తా "డిపాజిట్ వాపసు రాదు" అన్నాడు. "అది ఉంచుకో సామీ, కార్డియ్యి" అన్నాను. ఆయుర్వేదం కాలేజీలో బీరువా తాళాలున్న మనిషి టిఫినుకు పోయి గంటన్నరకు వచ్చాడు. నర్సింగ్ కాలేజీ మేడమ్ అనంతపురం మనిషి. భార్గవిని నిలదీసింది.

"ఏమ్మా, నర్సింగ్ ఇష్టం లేకుంటే ఎందుకు చేరినావు?"

"నేను చేరినట్టు నాకు నిన్ననే తెలిసింది మేడమ్."

మేడమ్ నావైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. టీసీ చేతిలో పెడుతూ, "ఇంగో తూరి మీ నాయనను ఇంట్లో వదిలి రామ్మా" అంది.

మెడికల్ కాలేజీ చేరేసరికి ఐదుకు పది నిమిషాలు. "నువ్వు గేటు కాడే ఉండు నాయనా. లోపలికొస్తే ఇంగేదైనా ఇచ్చేస్తావు" అని భార్గవి పరుగెత్తింది. వాచ్‌మన్ పక్కన నిలబడి, నా బతుకులో చేసిన తెలివైన పనులన్నీ లెక్కేసుకున్నాను. ఎక్కువ సేపు పట్టలేదు. తను ఫీజు రసీదుతో బయటికొచ్చి, నన్ను చూసి నవ్వబోయి ఏడ్చింది. నేను నేరుగా ఏడ్చాను.

ఊరికి తిరిగొచ్చిన వారమే సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే పనిలో చేరాను. పోగొట్టిన డిపాజిట్లు మూడూ పూడేదాకా, ఏ నెల కూలి ఆ నెల తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టాను. కడపటి నెల ఆమె లెక్క చూసి, "సరిపోయిందిలే. రసీదు రాసియ్యాల్నా?" అంది.

"వద్దు తల్లీ! ఆ కాగితం గూడా నాకెందుకు?"

అందుకే, నీళ్లు లేని పినాకిని ఇసుక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బజ్జీలు చుట్టిన కాగితం తప్ప ఈ జన్మలో మరో కాగితం ముట్టను. అదైనా ఒరిజినల్ కాదని మా ఆవిడ చెప్పాకే.