చౌడేశ్వరమ్మకు ఏ జబ్బూ లేదట

కంకిపాడులో వీరభద్రయ్య బట్టల కొట్టు తెలియనివాళ్ళు తక్కువ. ఆ కొట్టును నిలబెట్టింది వాళ్ళ పెరటి వసారాలోని రెండు మగ్గాలని, వాటికి నూలు కండెలు చుట్టి చుట్టి ఆయన భార్య చౌడేశ్వరమ్మ చేతులు పాడయ్యాయని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. పన్నెండో ఏట రాట్నం ముందు కూర్చున్న మనిషి యాభై దాటాక లేచింది. లేచేసరికి వేళ్ళ కణుపులు వాచిపోయి, పొద్దున్నే జడ వేసుకోవడం కూడా గగనమైపోయింది. కీళ్ళవాతం అన్నారు. ఇప్పుడావిడకు అరవై ఆరు. బెజవాడ డాక్టరు రాసిన ఇంజెక్షను నెలనెలా పడితేనే వేళ్ళు కదులుతాయి.

ఆ ఇంజెక్షను ఖరీదు తలుచుకుంటే వీరభద్రయ్య మొహం మాడిపోయేది. కొట్లో బేరాలా, అంతంతమాత్రం. మందుల ఖర్చు కూడా ఇచ్చే ఆరోగ్య బీమా ఏదైనా ఉందేమో చూడమని దుర్గాశంకర్‌ను పిలిపించాడు. వరసకు కొడుకవుతాడు, బీమా ఏజెంటు.

దుర్గాశంకర్ బల్లమీద రెండు కాగితాలు పరిచాడు. "ఇది పెద్దవాళ్ళ కోసమండి బాబాయిగారూ. ఉన్న జబ్బులన్నీ రాయాలి. కట్టేదీ ఎక్కువే, పాత జబ్బు మందులకి రెండేళ్ళు ఆగాలి. ఇదేమో ఏ జబ్బూ లేనివాళ్ళకి. నెల తిరిగేసరికి మందుల బిల్లులకి డబ్బులిచ్చేస్తారు."

ఇక్కడ వీరభద్రయ్య వ్యాపారం గురించి ఒక మాట చెప్పాలి. చీరలో ఎక్కడైనా పోగు తప్పితే ఆయన ఆ చీరను పక్కన పడెయ్యడు. ఆ చోటు లోపలికి వచ్చేలా మడత మారుస్తాడు, అంతే. కొన్నావిడ ఇంటికెళ్ళి విప్పి చూసుకుని ఏడుస్తుంది. అందులో మోసం ఉందని ఆయనకు ఏనాడూ తోచలేదు. మడత పెట్టడం రావడమే వ్యాపారమనుకునేవాడు. అలాంటి మనిషి పెళ్ళాం రోగాన్ని మాత్రం విప్పి చూపిస్తాడా?

"మీ పిన్నికేం జబ్బుల్లేవు. రెండోదే రాయి," అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ చౌడేశ్వరమ్మ, "అదేంటండీ, నా చేతులూ..." అంది.

"నువ్వూరుకో. నీకు తెలీదు."

దుర్గాశంకర్ ఆవిడ చేతులకేసి ఒకసారి చూశాడు. "మీరు చెప్పిందే నేను రాస్తానండి," అని రాసేశాడు. వాడి కమీషను వాడిది మరి. చౌడేశ్వరమ్మ వంకరపోయిన వేళ్ళతోనే, తనకు ఏ జబ్బూ లేదని సంతకం పెట్టింది.

మూడు నెలలకు బిల్లులు పంపితే, డాక్టరు చీటీ కూడా పంపమన్నారు కంపెనీవాళ్ళు. పంపారు. పదకొండేళ్ళుగా కీళ్ళవాతం అని చీటీ మొదటి వరసలోనే ఉంది. ఇంకేముంది, బిల్లులు తిరిగొచ్చాయి. జబ్బు దాచిపెట్టి అబద్ధం చెప్పినందుకు పాలసీ రద్దు చేశామని చౌడేశ్వరమ్మ పేరున ఉత్తరం కూడా వచ్చింది.

వీరభద్రయ్య భార్యమీద విరుచుకుపడ్డాడు. "పదకొండేళ్ళని ఆ డాక్టరుకి నిన్నెవరు చెప్పమన్నారు?"

"ఎన్నాళ్ళనించమ్మా అనడిగారు, చెప్పాను. డాక్టరుకి కూడా చెప్పకూడదా?"

"నోరు కాస్త అదుపులో పెట్టుకునుంటే మందులు ఊరికే వచ్చేవి."

ఎంత మాట! చేసింది తను, తిట్లు ఆవిడకు. అబద్ధాలకోరన్న పేరూ ఆవిడకే. ఆ పూట చౌడేశ్వరమ్మ అన్నం తినలేదు. ఆయన మాత్రం మజ్జిగదాకా తిని లేచాడు.

వారం తర్వాత దుర్గాశంకర్ ఇంకో కంపెనీ అప్లికేషను పట్టుకొచ్చాడు. "ఇంతకుముందు ఏదన్నా పాలసీ రద్దయిందా అని అడుగుతున్నారండి."

"లేదని రాయి," అన్నాడు వీరభద్రయ్య, తడుముకోకుండా.

చౌడేశ్వరమ్మ లోపల్నుంచి వచ్చి, కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఎవరితోనన్నా మాట్లాడుతుంటే ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

"రద్దయిందని రాయి నాయనా. ఎందుకు రద్దయిందో కూడా రాయి. జబ్బని తేలి పదకొండేళ్ళు, నొప్పులు ఇరవయ్యేళ్ళనించి ఉన్నాయి. మగ్గం ఆగిపోద్దని మీ బాబాయికి చెప్పలేదు. అదీ రాయి."

"అవన్నీ రాస్తే ఎవరూ పాలసీ ఇవ్వరు పిన్నిగారూ."

"ఇవ్వకపోతే పోనీ. ఈ చేతులకేం లేదని ఇంకోసారి ఈ చేతుల్తోనే సంతకం పెట్టను."

సంతకం పెట్టాల్సింది ఆవిడే మరి. దుర్గాశంకర్ అన్నీ రాశాడు. పది రోజుల్లో జవాబొచ్చింది, ఇవ్వలేమని. ఈసారి ఆవిడను అబద్ధాలకోరు అనలేదు, జబ్బుమనిషి అన్నారు.

డబ్బు తియ్యడానికి వీరభద్రయ్యకు చెయ్యి రాక, ఆ నెల ఇంజెక్షను పడలేదు. నెలాఖరుకు ఆవిడ చేతులు ముద్ద కలపడానికి కూడా పనికిరాకపోతే, వీరభద్రయ్యే కలిపి నోట్లో పెట్టాల్సి వచ్చింది. పెడుతున్నంతసేపూ ఆయన గొణుగుతూనే ఉన్నాడు. ఆవిడ తొందరపడకుండా, కడుపునిండా తింది.