ఎడమచేతి ఇస్తరాకు

“అక్కా, చెయ్యి తియ్యే. ఉక్కపోస్తంది.”

“పొయ్యనీ. నేనైతె తియ్య.”

మా చెల్లె, నేను మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. భద్రాచలం దవాఖానాల జ్వరంతోని పండుకున్నది. నేను మంచం పక్కన కింద కూసోని దాని చెయ్యి పట్టుకున్న. మాపటికి ఇగ లేదు. పుట్టిన కాడ్నించి నోరు మూయని మనిషి, పోయేముందల ఒక మంచి మాటన్న చెప్పి పోవద్దా? అక్కా, పైలం అనొద్దా? మేకలు పైలం అనొద్దా? ఉక్కపోస్తందంట! ఎండకాలం భద్రాచలంల ఉక్కపొయ్యక చలి పెడ్తదా?

అది పోయినంక ఊర్లె దాని ముచ్చట తలా ఒక తీరుగ చెప్తున్నరు. సన్నాసుల్ల కలిసి దేశాలు తిరిగిందని ఒకలు, సామి దాన్ని మందు పెట్టి గుంజుకున్నడని ఒకలు, పోలీసోళ్లు పోయి ఇడిపించిన్రని ఇంకొకలు. అన్నీ ఉత్తయే. దాన్ని తెచ్చుకున్నది నేను. అందుకే మా తమ్ముని బిడ్డను ముందల కూసోపెట్టుకొని చెప్తున్న, అది రాస్తంది. నవ్వుడు తర్వాత నవ్వు పిల్లా, ముందు రాయి.

మాది చండ్రుగొండ దాటినంక అడివంచు ఊరు. మా ఆయన పోయి అప్పటికే నాలుగేండ్లు. మా చెల్లె మొగుడు చావలే, టేకులపల్లి దిక్కు ఇంకోదాన్ని చూసుకున్నడు. మా చెల్లె మూట కట్టుకొని నా ఇంటికొచ్చింది. “నీ మొగుడు చచ్చి పోయిండు, నా మొగుడు బతికుండి పోయిండు. ఇద్దరికీ వంట తప్పింది గదనే” అన్నది. గసొంటి మనిషి.

ఎండకాలం తునికాకు కోసేటోళ్లం. అది అయిపోయినంక మోదుగాకు తెచ్చి ఇస్తరాకులు కుట్టేటోళ్లం. దానిది ఎడమచేతివాటం. మనం కుడితె ఆకు మీద ఆకు ఒక దిక్కుకు తిరిగి పోతది, అది కుడితె ఉల్టా తిరుగుతది. అన్నం కలుపుతుంటె ఆకు కొసలు చేతి ఏళ్లకు తగులుతయి. పెండ్లిళ్లల్ల బంతిల కూసున్నోళ్లు “ఇగో, ఎడమచేతామె ఇస్తరి నాకొచ్చింది” అని తిట్టుకుంటనే తినేటోళ్లు. “తగిలితె తగిలింది, నా ఇస్తరి కారదు, చారు పోసి చూడు” అని ఇది ఆడనే కొట్లాటకు దిగేది.

ఇగ ఆ సామి సంస్థోళ్ల సంగతి. మొదటిసారి మోకాళ్ల నొప్పులకు ఉచిత శిబిరమని బడికాడ టెంటేసిన్రు. గడ్డమున్న డాక్టరొకాయన నా మోకాలు పట్టుకొని, కండ్లు మూసుకొని సామి పేరు తల్చుకోమన్నడు. మూసుకున్న. నొప్పి పోలే గని, తెరిచేసరికి నా పక్కన పెట్టుకున్న గంప పోయింది. అది తీసింది మా ఊరోళ్లే, అబద్ధమెందుకు.

రెండోసారి చెట్లు నాటుతమని వచ్చిన్రు. అడివికొచ్చి చెట్లు నాటుతరంట! మా పెద్దమనుషులు నోరు తెరుచుకొని చూసిన్రు. ఒక్క మొక్క నాటి, దాని చుట్టు నిలబడి పది ఫొటోలు దిగి, పాట పాడి పోయిన్రు. మర్నాడు ఆ మొక్కను మా మేక తిన్నది.

మూడోసారి ఆడోళ్లకు కుట్టుమిషను ట్రైనింగని వచ్చిన్రు. మెడల టేపేసుకున్న మాస్టరును చూసి మా చెల్లె నన్ను గిచ్చింది.

“అక్కా, ఈయన డాక్టరు గాదే?”

“గడ్డం లేదు గద.”

“గడ్డం లేకుంటె ఏంది, చెప్పు చూడు. ఎర్రదారంతోని కుట్టిన చెప్పు.”

ఇంక ఆగుతదా? లేచి అడగనే అడిగింది. “డాక్టరు సారూ, మా అక్క మోకాలు తగ్గలే.”

ఆయన తడబడ్డడు. “ఆయన మా అన్నయ్యగారమ్మా.”

“అట్లనా. అన్నదమ్ములిద్దరికీ ఒకటే జత చెప్పులా?”

అందరం పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వినం. మరి అంత తెలిసి ఎందుకు పోయింది అంటరు. ఆ మాట నన్ను పోలీసులు అడిగిన్రు, పేపరోళ్లు అడిగిన్రు. మిషను కోసం పోయింది. పెనుబల్లి దిక్కు వాళ్ల ఆశ్రమంల మూడు నెలలుండి నేర్చుకుంటె మిషను ఇస్తమన్నరు. అడివిల ఆకు కోసి కోసి దాని నడుము పోయింది. “నీడపట్టున కూసోని జాకెట్లు కుడతనే అక్కా. వాళ్ల సామితోని మనకేం పని, మిషను పట్టుకొని వస్త” అన్నది. తెలివిగల్లోళ్లు గిట్లనే పడతరు. అమాయకులైతె భయపడి ఇంట్ల ఉంటరు. నేను చింతకాయ తొక్కు కట్టిచ్చి బస్సెక్కిచ్చిన. చేతులార ఎక్కిచ్చిన.

మూడు నెలలాయె, ఐదు నెలలాయె. మనిషి లేదు, మాట లేదు. పోయిన. పెనుబల్లి దాటినంక మామిడితోట నడుమ పెద్ద గేటు. తెల్లచీర కట్టిన అమ్మ ఒకామె వచ్చి నవ్వుకుంట చెప్పింది. “మీ చెల్లెలు దీక్ష తీసుకున్నారండి. హిమాలయాల్లో మన ఆశ్రమానికి వెళ్లారు.”

“గదెక్కడ?”

“ఉత్తరాన అండి.”

“బస్సుంటదా?”

“బంధాలు తెంచుకున్నవాళ్ల కోసం అలా వెతకకూడదండి.”

ఇంటికొస్తుంటె బస్సుల ఆలోచన చేసిన. మా చెల్లె కొత్తగూడెం దాటితెనే వాంతి చేసుకుంటది. అది హిమాలయాల దాక ఎట్ల పోతది? పోతె తోవ పొడుగునా తెలిసిపోదా?

అప్పటికే బయట ముచ్చట్లు వస్తున్నయి. అండ్లకెళ్లి గోడ దుంకి వచ్చిన ఒకామె చెప్పిందంట: భజనల కునుకు తీస్తె కొడుతరని, ఎదురు మాట్లాడితె అన్నం బంద్ అని, తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకుంటరని. సామి గదికి సేవకు పిలుస్తడని, ఆ సేవకు రానంటె శిక్ష అని. ఆమె చెప్పేది ఎవరూ నమ్మలే. సామి కాడికి జనం వచ్చేది పెద్ద పెద్ద కార్లల్ల గద.

నేను ఠాణాకు పోయిన. ఆడున్న సారు మంచోడే గని, “నీ చెల్లె చిన్నపిల్లా అమ్మా? తన ఇష్టంతో పోయింది. అసలు లోపల ఉందనడానికి రుజువేంది?” అన్నడు. రుజువు నేనెక్కడ తెచ్చేది? మా చెల్లె ఉన్నదంటె దాని నోరే రుజువు, గోడ బయటికి ఇనపడాలె. ఇనపడ్తలేదు. అదే నాకు భయం పుట్టిచ్చింది.

పున్నానికి ఆడ అన్నదానం పెడతరని తెలిసి మళ్లీ పోయిన. ఆ దినం గేటు అందరికీ తెరుస్తరు. బంతిల కూసున్న. ఇస్తరేసిన్రు, అన్నం, పప్పు పెట్టిన్రు. ఆకలైతుండె, కలిపిన. ఏళ్లకు ఆకు కొస తగిలింది.

మళ్ల కలిపిన. మళ్ల తగిలింది.

అన్నం పక్కకు జరిపి చూసిన. ఆకులు ఉల్టా తిరిగి ఉన్నయి. పక్కకు కూసున్నాయన ఇస్తరి చూసిన. అది సుత ఉల్టనే. “ఏందమ్మా, నా పప్పుల తల పెడ్తున్నవ్?” అన్నడాయన. “నీ పప్పు గాదయ్యా, నీ ఆకు” అన్న. ఆయన ఇస్తరి తీసుకొని దూరం జరిగిండు. పిచ్చిదనుకున్నడు. ఆకు ఇంక పచ్చగనే ఉన్నది. ఒకటి రెండు దినాల కింద కుట్టిందది. హిమాలయాలు లేవు, ఏం లేవు. ఈడనే ఉన్నది.

ముందుగాల తిన్న. అన్నం ఇడిచిపెడితె అనుమానం వస్తది, పప్పు సుత మంచిగనే ఉండె. తిని, ఎంగిలాకు చేతుల పట్టుకొని పారేసెటందుకు పోయినట్టు వెనకకు పోయిన. వంటకొట్టం దాటినంక రేకుల షెడ్డు. అండ్ల ఆరుగురు ఆడోళ్లు ఆకులు కుడుతున్నరు. మూలకు మా చెల్లె. తెల్లచీర, జుట్టు కత్తిరిచ్చిన్రు, మెడల పలక ఏలాడుతంది. పలక మీద ఏమున్నదని పక్కామెనడిగిన. “మౌనదీక్ష. నెలరోజులాయె” అని గుసగుస చెప్పింది.

మా చెల్లెకు మౌనం! చేపను చెట్టెక్కమన్నట్టు.

నన్ను చూసింది. కండ్లల్ల నీళ్లొచ్చినయి గని, నోరు తెరువలే. ‘పో’ అని తల ఊపింది. దర్వాజ కాడ కుర్చీల ఒక పెద్దమ్మ కూసున్నది, చేతుల చింతబరిగె. ఆమెకు దండం పెట్టి “సేవ చేస్తనమ్మా, నాకు ఇస్తర్లు కుట్టుడొస్తది” అన్న. ఉత్తగ వచ్చే పనిమనిషిని ఎవరొద్దంటరు? కూసోమన్నది.

చెల్లె పక్కన కూసున్న. మెల్లగ “ఇంటికి పోదాం దా” అన్న. తల అడ్డం ఊపింది. చెయ్యి గుంజిన. రాలే. భయం దాని ఒంట్ల గంతగనం ఉన్నది. బతిమిలాడితె కాదనుకొని, పక్కామెకు ముచ్చట చెప్పుడు మొదలుపెట్టిన, ఇది ఇనేటట్టు.

“మా చెల్లె మొగుడు టేకులపల్లి సంతల కనపడ్డడమ్మా. ఇది పోయి కాళ్లు పట్టుకున్నది, నన్ను తీస్కపో అని ఏడ్చింది.”

మా చెల్లె చేతుల ఈనెపుల్ల ఆగింది.

“నడిసంతల అందరి ముంగట ఏడ్చింది. వాడు ఒక్క తన్ను తన్నిండు. పాపం, పోయి కూరగాయలల్ల పడ్డది.”

దాని ముక్కుపుటాలు లేస్తున్నయి. పలక ఊగుతంది.

“పడ్డది పడ్డట్టే లేచి, మళ్ల కాళ్లు—”

“ఎవడు తన్నిండే!” అని లేచింది. షెడ్డు అదిరింది. “వాడా! వాడు తన్నిండా! కొత్త చాట కొన్న నేను, ఆ చాట తిరగేసి వాని నడినెత్తి మీద ఇచ్చిన! చాట పగిలితె బేరగానితోని కొట్లాడి ఇంకోటి మార్పిచ్చుకున్న! నువ్వు పక్కనుండి చూడలేదే? కండ్లు పోయినయా నీకు?”

ఆడోళ్లంతా ఒక్కసారి ఘొల్లున నవ్విన్రు. నెలల సంది నవ్వనోళ్లు, కొంగు నోట్ల కుక్కుకొని నవ్విన్రు.

పెద్దమ్మ లేచొచ్చింది. అరువలే, తిట్టలే. “మౌనం తప్పావు” అన్నది, అంతే. మా చెల్లె అంత ఎత్తున లేచిన మనిషి, చటుక్కున నోరు మూసుకొని, ఎడమచెయ్యి ముందలికి చాపింది. ఎవరూ చాపమనలే. దానంతట అదే చాపింది, బడిపిల్ల తీరుగ. అరిచెయ్యంతా నల్లగ వాతలు. ఎడమచెయ్యి అపవిత్రమని దినాం గా చెయ్యినే కొడుతరంట. ఆ చేత్తోనే ఇన్ని ఇస్తర్లు కుట్టిచ్చుకున్నరు.

బరిగె లేసేలోపల ఆ చెయ్యి నేను పట్టుకున్న. “ఇది మా అమ్మ కన్న చెయ్యి. ఇంకోసారి ముట్టు చూస్త” అన్న. పట్టుకున్నది ఇడువకుంట బయటికి నడిచిన. బంతుల నడుమకెళ్లే నడిచిన, జనమంతా చూసేటట్టు. గేటు కాడ మా డాక్టరు ఉరికొచ్చి అడ్డం నిలబడ్డడు. “అమ్మా, అలా వెళ్లకూడదు. ఆఫీసులో కాగితాలున్నాయి.”

నేను ఎంత గొంతుంటె అంత గొంతుతోని అరిచిన. “డాక్టరు సారూ! టైలరు సారూ! చెట్ల సారూ! నా మోకాలు తగ్గలే, నా చెల్లెకు మిషను రాలే, మీ మొక్కను మా మేక తిన్నది! జరుగుండ్రి!”

తినేటోళ్లు చేతులల్ల ముద్దలు చేతులల్లనే పెట్టుకొని చూసిన్రు. ఎవరో నవ్విన్రు. అంతమంది ముందల ఆయన ఏం చేస్తడు? జరిగిండు. గేటు దాటినంక ఎనకకు తిరిగి చూస్తె, షెడ్డుల ఆడోళ్లు నలుగురు మా ఎంబడే వస్తున్నరు, ఆకులు ఇంక కొంగులల్లనే ఉన్నయి.

అటే ఠాణాకు పోయినం. ఐదుగురు ఐదు చేతులు బల్ల మీద పెట్టిన్రు. సారు ఈసారి రుజువు అడగలే. గోడ దుంకినామెను సుత పిలిపిచ్చి ఇన్నరు. కేసైంది. సామికి గుండెనొప్పి వచ్చింది, దవాఖానాల పండుకున్నడు, బెయిలొచ్చినంక తగ్గింది.

తర్వాత ఖమ్మం కోర్టుల వాళ్ల వకీలు మా చెల్లెనడిగిండు. “నీ ఇష్టంతోనే వెళ్లావా, లేదా?”

“అవ్, నా ఇష్టంతోనే పోయిన. మీరు సుత మీ ఇష్టంతోనే బావికాడికి పోతరు సారూ. కాలు జారితె తాడెయ్యొద్దని రాయమంటరా?”

జడ్జి చాలమ్మా అన్నడు. అది ఆగితె గద! నెలరోజుల మౌనం అంతా ఆడనే తీర్చుకున్నది. వాళ్లు చేసింది చేసినట్టు ఒక్కొక్కటి చెప్పింది. సామి గదిల సంగతి చెప్పేటప్పుడు మాత్రం నా దిక్కు చూడలే, గోడ దిక్కు చూసుకుంట చెప్పింది. గని చెప్పింది. ఇంటికొచ్చినంక మూడు దినాలు ఎవరితోని మాట్లాడలే. నాలుగోనాడు కూరల ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది. అప్పుడు నేను ఊపిరి తీసుకున్న.

అది పోయినా ఆ కేసు ఇంక నడుస్తనే ఉన్నదంట. దాని మాట ఆ కాగితాలల్ల ఉన్నది, దాన్ని ఎవరూ తుడువలేరని మా దిక్కు వకీలు చెప్పిండు. ఊర్లె మాటలకు మాత్రం కాగితం లేదు, అందుకే ఇది. పిల్లా, సామి గది మాట రాసినవా, సిగ్గుపడి ఇడిచిపెట్టినవా? అది కోర్టుల నిలబడి చెప్పింది, మనమెందుకు దాచుడు. ఏది, మొదటికెళ్లి సదువు. మూతిల గొణుగకు, నాకు ఇనపడేటట్టు సదువు.