ముందు చివరి పేజీ చదివే టీచరుగారు

మా పై వాటాలో ఉండే టీచరుగారు పోయారు. ఈ వాక్యం రాసి చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాను. ఇందులో ఎక్కడో తప్పు దొర్లింది, దిద్దితే సరిపోతుంది అనిపిస్తోంది ఇప్పటికీ.

ఆ ఉదయం నేను చిక్కడపల్లి మార్కెట్లో బెండకాయలు ఏరుకుంటున్నాను. టీచరుగారి చెల్లెలు ఫోన్ చేశారు. అశోక్‌నగర్‌లో మా పైన ఉండేది ఆ అక్కాచెల్లెళ్ళిద్దరే. “అక్క లేస్తలేదు, జర జల్దిన రా బిడ్డా” అన్నారు. జ్వరమేమో, నీరసమేమో అనుకుంటూ వచ్చాను. నేను మెట్లెక్కుతుంటే పక్క వీధి డాక్టరుగారు దిగి వస్తున్నారు. ఆయన నా ముఖం చూసి తల అడ్డంగా ఊపారు. చెల్లెలు పాల ప్యాకెట్ కోసం వెళ్ళి వచ్చేలోపే గుండె ఆగిపోయిందట. టీచరుగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునే ఉన్నారు. చాయ్ సగం తాగి ఉంది. ఎవరైనా పిలిస్తే “ఆ, వస్తున్న” అనేట్టున్నారు. నేను పిలిచాను కూడా.

ముందురోజు సాయంత్రమే మెట్ల మీద నిలబడి ఒక నవలలో కథానాయకుణ్ణి తిట్టిపోశారు. పెళ్ళాం జబ్బుపడితే డాక్టరు దగ్గరకు తీసుకుపోకుండా పక్కన కూర్చుని కవిత్వం చెప్పాడట. “గసొంటోని మీద రాసినాయనకు అంత ప్రేమేందో నాకు సమజ్ కాలె. రేపు మాట్లాడుదాం” అన్నారు. షుగరు లేదు, బీపీ లేదు. ఇందిరా పార్కులో రోజూ నాకంటే వేగంగా నడిచేవారు. అలాంటి మనిషికి రేపు లేకుండా పోతుందని ఎవరనుకుంటారు?

ఆవిడ నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. క్రైస్తవులు. తెల్లవారుజామున బైబిలు వాక్యం పైకి చదువుకుంటుంటే కింద మా వంటింట్లోకి వినిపించేది. మా నాన్నగారు ఉద్యోగం మీద గుంటూరు నుంచి వచ్చి ఈ ఇంట్లో దిగిన రోజుల్లో, మా పూజగది గంట, పైనుంచి ఆ చదువు, రెండూ ఒకే వేళకు మొదలయ్యేవి. కొన్నాళ్ళకు మా అమ్మ ఆ గొంతును బట్టే పొయ్యి మీద పాలు పెట్టడం అలవాటు చేసుకుంది. వాక్యం అయిపోయాక టీచరుగారు వంట, ఇంటిపని ముగించి, మధ్యాహ్నం కథల పుస్తకం పట్టుకునేవారు. ఆ రెండు చదువులకూ ఆవిడ కూర్చునే కుర్చీ ఒకటే, పెట్టే శ్రద్ధా ఒకటే.

నాకు పుస్తకాలు అలవాటు చేసింది ఆవిడే. పుస్తకం ఇవ్వడం తేలిక, తిరిగి తీసుకోవడమే కష్టం. బాగుందండీ అని చేతికిస్తే పుచ్చుకునేవారు కాదు. “బాగున్నదంటే ఏం బాగున్నది? జవాబొక్కటే రాస్తే నేను మార్కులెయ్య. లెక్క చేసి చూపియ్యాలె” అనేవారు. చాయ్ ఇచ్చి కూర్చోబెట్టి, ఆ మనిషి అక్కడ ఎందుకు అలా చేసింది, నువ్వయితే ఏం చేసేదానివి అని గుచ్చి గుచ్చి అడిగేవారు. ఆఫీసు నుంచి తలనొప్పితో వచ్చి, ఆ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ తలనొప్పి సంగతి మరిచిపోయిన సాయంత్రాలు నాకు చాలా ఉన్నాయి.

ఆవిడకో విచిత్రమైన అలవాటుండేది. ఏ నవలైనా ముందు చివరి పేజీ చదివేవారు. తర్వాతే మొదటి పేజీ. ఇదేం చదువండీ, సస్పెన్సంతా పాడైపోదూ అని నేను గొడవ పెట్టుకునేదాన్ని. ఆవిడ నవ్వేవారు. “ఆఖరుకు ఎవరు బతికిన్రో తెలిస్తే, నడుమ ఎట్ల బతికిన్రో నిమ్మలంగ చూడొచ్చు. మా వాక్యంల గూడ ఆఖరుకు ఏమైతదో చెప్పేసిన్రు. అయినా రోజు చదువుత లేనా?”

అంత నిమ్మళంగా ఉండే మనిషి మమ్మల్ని మాత్రం ఇలా ఉన్నపాటున వదిలేశారు. ఈ ముగింపు మాకెవరూ ముందు చెప్పలేదు.

భక్తి పుస్తకాలన్నీ ఆవిడకు నచ్చుతాయని చర్చి సంఘంలో చాలామంది అనుకునేవారు. నచ్చేవి కావు. ఒకసారి ఎవరో క్రిస్మస్‌కు బహుమతిగా ఒక నవల ఇచ్చారు. అందులో ప్రతి కష్టమూ ప్రార్థన చేయగానే తర్వాతి పేజీలో తీరిపోతుంది. “ఇండ్ల దేవునికి పనేం లేదు. అన్నీ రాసినాయనే చేసిపెట్టిండు” అని పక్కన పెట్టేశారు. దానికి బదులు, భర్త చనిపోయాక దేవుడి మీద అలిగి ఏళ్ళ తరబడి గుడికి పోని ఒక ముసలామె కథ ఆవిడకు ప్రాణం. ఆ ముసలామె రోజూ గుడి ముందు నుంచే కూరలకు పోతుంది, తల తిప్పి చూడదు. టీచరుగారి లెక్క ప్రకారం ఆ తల తిప్పకపోవడమే ప్రార్థన. నేను కాదన్నాను. అది వట్టి కోపం అన్నాను. ఆ వాదన మా ఇద్దరి మధ్య ఎప్పటికీ తెగలేదు.

ఆవిడ వెళ్ళే సంఘంలో స్త్రీల సమాజం నెలకోసారి కూడుతుంది. ఆ మధ్య పాస్టరుగారు, నచ్చిన పుస్తకం గురించి ఒకరు కాసేపు మాట్లాడితే బాగుంటుందని ఆ పని టీచరుగారికి అప్పగించారు. నన్నూ రమ్మన్నారు. వెళ్ళాను. ఆవిడ ఎంచుకున్నది వరద గురించిన ఒక నవల. అందులో పాస్టరు ఊరికి వచ్చిన సాయమంతా గదిలో పెట్టి తాళం వేసుకుంటాడు. ఏ దేవుణ్ణీ నమ్మని, పడవ నడిపే ఒకామె ఊరికి అన్నం పెడుతుంది. కథ చెప్పడం పూర్తయింది. ముందు వరసలో సమాజం పెద్దక్క లేచారు. నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి, అందరికీ గౌరవం. ఇలాంటి పుస్తకాలతో విశ్వాసం బలపడుతుందా, బలహీనపడుతుందా అని అడిగారు. రాసినవాడు నాస్తికుడని కూడా చెప్పారు.

టీచరుగారి ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. “ఆయన నమ్మడు, నాకు తెలుసు. కాని దేవుడు ఉంటే ఎట్ల ఉండాల్నో ఆయన రాత్రింబగళ్ళు ఆలోచించిండు. మనం ఉన్నడని చెప్పి ఆలోచించుడు బంద్ పెట్టినం. అందుకె చదువుతున్న.”

తర్వాతి నెల ఆవిడకు పిలుపు రాలేదు. సమాజంలో కొందరు పలకరింపు తగ్గించారు. ముప్పాతిక జీవితం గడిపిన చోట అలా జరిగితే ఎవరికైనా మనసు విరిగిపోతుంది. ఆవిడ మాత్రం ఆదివారం అదే బెంచీ మీద కూర్చున్నారు. తమ పక్కన ఖాళీ ఉన్నా ఇంకెవరూ కూర్చోలేదని చెల్లెలు తర్వాత నాతో చెప్పి కళ్ళు తుడుచుకున్నారు.

ఇంకొన్నాళ్ళకు ఒక సాయంత్రం నేను పైన ఉండగా పాస్టరుగారు వచ్చారు. వయసులో టీచరుగారికి కొడుకులాంటివాడు. ఆ నవల అడిగి తీసుకెళ్ళి చదివారట. తిరిగి ఇస్తూ అన్నారు, “టీచర్ గారూ, ఇందులో పాస్టర్ నాకంటే మంచిగ ప్రార్థన చేస్తడు. అది చదివి నాకు భయమైంది.”

“నాకు గూడ అయింది” అన్నారు టీచరుగారు. “నేను ఆ పడవామె లెక్క ఉన్ననో, తాళమేసినోని లెక్క ఉన్ననో అని. కూర్చోండ్రి, చాయ్ పెడ్త.”

ఆ రోజు వాళ్ళిద్దరూ పుస్తకం సంగతి మళ్ళీ ఎత్తలేదు. పాస్టరుగారి చిన్నపాప పళ్ళ గురించి, రాంనగర్‌లో చేపల ధరల గురించి మాట్లాడుకున్నారు. పై నెల సమావేశంలో మళ్ళీ ఆవిడే మాట్లాడాలని వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పారు. ఆ పై నెల రాకముందే ఇది జరిగింది.

నారాయణగూడ సమాధుల తోటలో మట్టి వేస్తున్నప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. మెదడు మొద్దుబారిపోయింది. ఆవిడ బడిలో చదువుకున్న నడివయసు ఆడవాళ్ళు ఎంతోమంది వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆగిపోయారు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని, “రేపు పొద్దున్న పాలు ఎప్పుడు పెట్టాలే?” అంది మెల్లగా.

సమావేశం రోజు వచ్చింది. రద్దు చేస్తారనుకున్నాను. చెయ్యలేదు. చెల్లెలు ఒంటరిగా వెళ్ళలేనంటే తోడు వెళ్ళాను. పాట అయింది, ప్రార్థన అయింది. టీచరుగారు మాట్లాడవలసిన వేళకు అందరూ తలలు దించుకున్నారు. అప్పుడు పెద్దక్క లేచారు. వరద నవల తను చదివానన్నారు. ఎప్పుడు చదివారో చెప్పలేదు.

“నాకు నచ్చలె. ఇప్పటికి నచ్చలె” అన్నారు. “ఎందుకు నచ్చలేదో టీచరుకు చెప్దామని అనుకున్న. రేపు, మాపు అనుకుంట ఉన్న. ఇప్పుడు మీకు చెప్త, వినుండ్రి.”

చెప్పారు. నవలలోని ఆ పాస్టరు పెళ్ళాం పిల్లల గురించి ఒక్క మాటైనా రాయకుండా వాణ్ణి చెడ్డవాడనడం అన్యాయమన్నారు. ఆకలి భయంతో తాళాలు వేసుకున్న మంచివాళ్ళను తను ఆస్పత్రిలో చూశానన్నారు. చెబుతూ చెబుతూ ఏడ్చారు. ఏడుస్తూనే ఇంకో తప్పు పట్టారు. వెనక నుంచి ఒకామె, అలా కాదక్కా, పడవామె సంగతి ఏందంటే, అని అందుకుంది. ఇంకొకామె తను చదవలేదు గాని అడుగుతున్నానంది. టీచరుగారి చెల్లెలు నోరు తెరిచి, అక్క ఏమనేదో చెప్పడం మొదలుపెట్టారు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

బయట చీకటి పడుతోంది. ప్లాస్టిక్ కుర్చీలు వరసలు చెదిరి గుండ్రంగా దగ్గరకు చేరాయి. ఇళ్ళ నుంచి ఫోన్లు మోగుతున్నా ఎవరూ లేవడం లేదు. వాచ్‌మన్ ఒకసారి తొంగిచూసి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. గేటు మూయాలని చెప్పబోయి ఊరుకున్నాడు. తాళం చేత్తో పట్టుకుని, గుమ్మానికి ఆనుకుని, వాళ్ళ మాటలు వింటూ నిలబడిపోయాడు.