కోడిపిల్ల పట్టు

ఎవరు ఏ పని చేస్తున్నా గోల్ఫ్ సలహా చెప్పకుండా ఉండలేకపోవడం మా మరిది భీమరాజుకున్న ఒకే ఒక్క జబ్బు. మనిషి బంగారం. తాగడు, తిట్టడు, గట్టు తగాదాలకి పోడు. కానీ మీరు చెంబుతో నీళ్ళు పోసుకుంటున్నా వెనకనుంచి వచ్చి, "పట్టు వదులు చెయ్యండి! కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలండి. అది చావకూడదు, పారిపోకూడదు!" అంటాడు.

పెనుగొండ పక్కన మా ఊళ్ళోకి ఈ ఆట ఎలా వచ్చిందంటారా? చేపల మేత కంపెనీ వాళ్ళ మీటింగని విశాఖపట్నం వెళ్ళాడు. అక్కడ పెద్దమనుషులు తెల్లబంతిని కొట్టి, దాని వెనకాలే నడుచుకుంటూ పోవడం చూశాడు. మేత సంగతి మరిచిపోయి సంచీ నిండా కర్రలతో దిగాడు. చేలో ఆడదామంటే మినుములు చల్లి ఉన్నాయి. అందుకని చేపల చెరువుల గట్ల మీద మొదలుపెట్టాడు. అటు చెరువు, ఇటు చెరువు, మధ్యన ఎడ్లబండి పట్టేంత గట్టు. బంతి వంకరపోయిందా, ఇక చేపల పాలే.

"అసలు కిటుకు ఇదే ఒదినగారండి. పెద్ద మైదానంలో వంకరగా కొట్టినా చెల్లిపోద్ది. గట్టు మీద నేర్చుకున్నోడు తిన్నగా కొట్టి తీరాల్సిందే."

"నువ్వు నేర్చుకున్నదీ గట్టు మీదేగా? మరి నీ బంతులన్నీ నీళ్ళలో ఉన్నాయేం?"

"అది గాలండి."

చేపలు పట్టే రోజున వల లాగితే బొచ్చెలు, శీలావతుల మధ్య తెల్లగా మెరుస్తూ బంతులు! సరుకు కొనడానికొచ్చిన అశోక్ ఒకటి చేతిలోకి తీసుకుని, "రాజుగారూ, మీ చేపలు గుడ్లు పెడుతున్నాయండి. ఇవి కూడా ఐసులో వేసెయ్యమంటారా?" అన్నాడు. గట్టంతా ఘొల్లుమంది. భీమరాజు మాత్రం అశోక్ చేతిని చూసి గాభరాపడిపోయాడు. "అలా పిసక్కయ్యా! కోడిపిల్ల!"

రోడ్డు మలుపులో టిఫిన్లు వేసే బుల్లెమ్మకి ఇతనంటే హడల్. ఒకరోజు పెసరట్టు తిరగేస్తుంటే వెనకాల చేరి, "తలెత్తకమ్మా! అట్టు ఎక్కడ పడుద్దో చూద్దామని ముందే తలెత్తితే గురి తప్పుద్ది" అన్నాడు. "ఎవరది?" అని బుల్లెమ్మ తలెత్తింది. అట్టు వెళ్ళి బొగ్గుల్లో పడింది. "చూశావా, చెప్పానా!" అని ఇతను మురిసిపోయాడు. అప్పటినుంచి బుల్లెమ్మ ఇతన్ని చూస్తే చాలు, అట్లకాడ ఎత్తుతుంది. దానికీ వంక పెడతాడు. "ఎత్తడం బానే ఉంది గాని, భుజం బిగబట్టేశావమ్మా."

ఇలా ఉండగా నేను స్నానాలగదిలో జారిపడ్డాను. ఎముక విరగలేదు గాని కుడిభుజం బిగుసుకుపోయింది. చెయ్యి చెవి దాటి పైకి లేవదు. అన్నం తినగలను, మనుషుల్ని అదిలించగలను. నా ముడి మాత్రం నేను వేసుకోలేను. ఊహ తెలిసినప్పటినుంచీ నా తల మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చిన దాన్ని కాదు. కోడలు రాణి దువ్వెన పట్టుకొస్తే, "ఇప్పుడు జారుముడే ఫ్యాషను, పోవే" అన్నాను. ఒంటిచేత్తో చుట్టిన ఆ ముడి ఊరికూరికే ఊడి మెడ మీద పడేది. మా వాళ్ళు నరసాపురం నుంచి ఆశాజ్యోతి అనే ఫిజియోథెరపీ పిల్లని పిలిపించారు. గోడ మీద వేళ్ళతో పైకి పాకించమంది. "గోడల మీద పాకడానికి నేనేమన్నా బల్లినా?" అని కాఫీ ఇచ్చి పంపించేశాను.

మర్నాడు పొద్దున్నే భీమరాజు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఒదినగారండి, పరువు పోయేలా ఉందండి."

"ఉన్నదెంతని?"

రాజమండ్రి నుంచి రాజరత్నంగారనే డాక్టరు, భార్య ఉషారాణితో పందేనికి వస్తున్నాడట. జోడీకి ఒక ఆడమనిషి ఉండాలట. ఇద్దరికీ కలిపి ఒకే బంతి, ఒకరి తరవాత ఒకరు కొట్టాలి. ఓడిపోతే కర్రలన్నీ గోదాట్లో కలిపేస్తానని మావాడు నలుగురిలో కోతలు కోసేసి వచ్చాడు.

"నీ పెళ్ళాన్ని అడగలేకపోయావా?"

"మీ చెల్లెలు చీపురు తిరగేసిందండి."

"నా చెయ్యి లేవదు కదయ్యా!"

"ఎంత లేస్తే అంతేనండి. మీకు రాదంటే పోనీ వదిలేద్దాం."

రాదా? నాకా? కర్ర తిప్పడం కూడా ఒక విద్యేనా? పమిట దోపి గట్టెక్కాను.

మొదట చెంబుని పడుకోబెట్టి అందులోకి బంతి దొర్లించమన్నాడు. "అందరూ దూరం కొట్టాలని చస్తారండి. గెలిపించేవి ఈ చిన్నదెబ్బలే." తరవాత, "చేతుల్తో కాదు, నడుంతో తిరగండి" అన్నాడు. ఇక ఆ పైన ఒకటే పాట. "చివరికొచ్చేసరికి చెయ్యి పైకి పోవాలండి."

"బంతి వెళ్ళిపోయాక నా చెయ్యెక్కడుంటే ఎవడిక్కావాలి?"

"అంతా అక్కడే ఉందండి!"

ఊరందరికీ కోడిపిల్ల గొడవైతే నాకు మాత్రం ఈ పైకెత్తే గొడవ. "నిన్న చెవి దగ్గరే ఆగిపోయిందండి, ఇవాళ ఇంకొంచెం..." అని పొద్దస్తమానం నా తల తినేశాడు.

పందెం రోజున గట్లన్నీ జనం. ఆటో దుర్గాసాయి మైకు పెట్టేశాడు. డాక్టరుగారు తెల్లటోపీ సర్దుకుని కొట్టిన మొదటి బంతే చెరువులోకి దూకింది.

"ఇదేం మైదానమండీ, ఎటు చూసినా నీళ్ళే!"

"గోదావరి జిల్లా అండి డాక్టరుగారూ!" అన్నాడు మైకులో దుర్గాసాయి.

కానీ ఉషారాణి గట్టిది. పోటీ హోరాహోరీగా సాగి ఆఖరి గుంట దగ్గరికి వచ్చేసరికి రెండు జోడీలూ సమానం. వాళ్ళ ఆట అయిపోయింది. మా భీమరాజు ఏ దేవుడికి మొక్కాడో గాని, బంతి తిన్నగా వెళ్ళి గుంటకి బారెడు దూరంలో ఆగింది. నేను దొర్లించానంటే గెలుపు మాదే. నీళ్ళలో వేశానంటే కర్రలు గోదాట్లోకే. నేను చెంబుని తలుచుకుని మెల్లిగా కర్ర ఆనించాను.

"ఒదినగారండీ! చెయ్యి పైకి పోవాలి!" వెనకనుంచి పొలికేక.

ఒళ్ళు మండిపోయింది. "ఇదిగో పైకి!" అని శక్తంతా కూడగట్టి తిప్పాను. బంతి గుంట దాటి, డాక్టరుగారి టోపీ దాటి, అవతలి చెరువు నడిమధ్యన బుడుంగున మునిగింది. జనం "అయ్యో!" అన్నారు. ఆ ఊపుకి నా ముడి కూడా ఊడిపోయింది. మండిపోతూ కర్ర చంకలో ఇరికించి, రెండు చేతులూ ఎత్తి, జుట్టు మెలిపెట్టి బిగించి ముడేశాను.

భీమరాజు గంతేశాడు. "పడిందండీ! పడింది! ముడి పడింది!"

"బంతి చెరువులో పడింది, రాజుగారికి మతి పోయింది!" అన్నాడు దుర్గాసాయి.

అప్పుడు తెలిసింది, నా చేతులు రెండూ తల మీదున్నాయని. జనంలోంచి చప్పట్లు కొడుతూ ఆశాజ్యోతి వచ్చింది.

"నువ్వెందుకొచ్చావే?"

"మీరు కాఫీ ఇచ్చి పంపేసిన రోజు ఈ రాజుగారు బస్సు దాకా నా వెంటపడ్డారండి మామ్మగారూ. కసరత్తులన్నీ నేర్చేసుకున్నారు. ఏ రోజు చెయ్యి ఎంత లేపించాలో ఫోన్ చేసి మరీ అడిగేవారు."

భీమరాజు తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

"బారెడు దూరంలో గుంట పెట్టుకుని చెయ్యెత్తమని ఎందుకరిచావయ్యా?"

"ఈ అమ్మాయికి బస్సు టైమైపోతోందండి. చూసి వెళ్తుందని..."

ఆ సాయంత్రం నరసాపురం రేవులో మాట ప్రకారం కర్రలన్నీ సంచీతో సహా గోదాట్లో వేసేశాడు. నా చేతిలోది మాత్రం నేనివ్వలేదు. "ఇది నాది. కావాలంటే రోజూ పొద్దున్నే వచ్చి అడుక్కో" అన్నాను. తెల్లారగానే వచ్చి నిలబడ్డాడు. నేను ముడేసుకుంటూ వాకిట్లోకి వచ్చేసరికి, రేవులో వేటకెళ్ళే పల్లంరాజు నీళ్ళు కారుతున్న కర్రల సంచీ భుజాన వేసుకుని వస్తున్నాడు.

"రాజుగారూ, రాత్రి వలలో మీ కర్రలు పడ్డాయండి. చేప ఒక్కటీ పడలేదు."

భీమరాజు ముందు సంచీని చూడలేదు. పల్లంరాజు పిడికిలిని చూశాడు.

"అంత గట్టిగానా పట్టుకోవడం? పట్టు వదులు చెయ్యవయ్యా!"

మిగతాది పల్లంరాజుకి నేనే చెప్పాను. "కోడిపిల్ల నాయనా, కోడిపిల్ల."