ఒక్కపొద్దు ప్లేట్లు

పదకొండేళ్లుగా ఒక సీసా నా గుండె మీద బరువుగా కూర్చుంది. ఖాళీ సీసా కాదు, నిండుగా మిగిలిపోయిన సీసా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి, నా ముఖం చూసి పోనీలే అనలేరు.

సికింద్రాబాద్‌లోని ఒక పరిశోధన ల్యాబులో రిజ్వానా, నేను డాక్టరేట్ కోసం పక్కపక్క బల్లల దగ్గర పనిచేసేవాళ్లం. చర్మ క్యాన్సర్ కణాలను ప్లేట్లలో పెంచేవాళ్లం. మామూలు కణం పెరగాలంటే గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ బయటి నుంచి వచ్చి, ఇక పెరుగు అని చెప్పాలి. కొన్ని క్యాన్సర్ కణాలు ఆ మాట తమకు తామే చెప్పుకుంటాయి. మా కణాలూ అలాంటివేనా? ఇదే రిజ్వానా ప్రశ్న. అందుకని సగం ప్లేట్లకు గ్రోత్ ఫ్యాక్టర్ కలిపిన ద్రవం పోసేది, మిగతా సగానికి కలపనిది. ఆ రెండో రకాన్ని మేము ఒక్కపొద్దు ప్లేట్లు అనేవాళ్లం. ఆదివారాలు వంతు వేసుకుని ఒకరి ప్లేట్లు ఒకరం చూసుకునేవాళ్లం.

ఆ నెలలో నేను ఆమెతో ముభావంగా ఉన్నాను. మేమిద్దరం చేసిన పని ఒక సదస్సులో పోస్టరుగా పెడితే, దాని మీద నా పేరు లేదు. అడిగానా? అడగలేదు. నోరు తెరిచి అడిగితే చిన్నబోతానని నా భయం. రాంగోపాల్‌పేట్‌లోని వాళ్లింటి నుంచి రోజూ నాకోసం వేరే అన్నం డబ్బా కట్టి తెచ్చే మనిషి ఇంత మోసం చేసిందా అని లోపల్లోపల ఉడికిపోయాను.

బోనాల ఆదివారం నా వంతు వచ్చింది. చిలకలగూడలో అమ్మ బోనం సిద్ధం చేసుకుని ఫోను మీద ఫోను చేస్తోంది. చేతికందిన సీసాతోనే ఆమె ప్లేట్లన్నిటికీ ద్రవం మార్చేసి పరుగెత్తాను. సోమవారం పొద్దున ఫ్రిజ్ తెరిస్తే గ్రోత్ ఫ్యాక్టర్ కలిపిన సీసా ఖాళీ, కలపని సీసా నిండుగా ఉంది. ఒక్కపొద్దు నేనే చెడగొట్టాను. అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది? రెండు వారాల పని పోయేది, అంతే కదా! నేను వాడినట్టు కనబడాలని ఆ నిండు సీసాలో సగం సింకులో పారబోశాను.

ఒక్కపొద్దు ప్లేట్లలో కణాలు గుబురుగా పెరిగాయి. రిజ్వానా పొంగిపోయి మా గైడ్ సార్‌కు చూపించింది. మళ్లీ చేస్తే పెరగలేదు. మూడుసార్లు చేసినా పెరగలేదు. దొంగ అంకెలు వండావని సార్ అందరి ముందూ ఆమెను అన్నారు. నేను మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తలేదు. తగిన శాస్తి జరిగిందని కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

ఆమెను ల్యాబు నుంచి పంపేశారు. బల్ల ఖాళీ చేస్తున్న రోజు నా దగ్గరికి వచ్చింది.

"ఆ బోనాల ఐతారం నువ్వే కదా మార్చింది. ఏమన్న కలిసిందా? జెర యాది చేస్కో."

"లేదు," అన్నాను.

"సరే తియ్. సార్ సుత మొదలు నీ మీదనే అనుమానపడ్డడు. ఆమె గిట్ల చెయ్యదు సార్, నాకెరుక అని చెప్పిన."

డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అన్నం ఇంకా వేడిగానే ఉంది. నేను తిన్నాను కూడా.

రెండేళ్ల తర్వాత నా థీసిస్ కోసం ల్యాబు పాత కంప్యూటర్ వెతుకుతుంటే ఆ పోస్టరు మొదటి ప్రతి కనబడింది. రిజ్వానా సార్‌కు పంపినది. ఆమె పేరు పక్కనే నా పేరు. దాన్ని తీసేసింది సారే. నన్ను మోసం చేసింది ఆయన, నేను మోసం చేసింది ఆమెను. అప్పుడైనా నోరు విప్పానా? నా డాక్టరేట్‌కు ఆయన సంతకం కావాలి.

ఇప్పుడు నేను పాఠాలు చెబుతాను. గ్రోత్ ఫ్యాక్టర్ల పాఠం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే పరాయిదవుతుంది. ఎవరూ ఎగదోయకుండానే, ఆమెను ఒక్క మాట అడగకుండానే, నా కోపాన్ని నేనే మేపి ఒక మనిషి చదువును మింగేసేంత పెంచుకున్నాను కదా, నేను ఎవరికి ఏం చెప్పగలను?

రిజ్వానా ఇప్పుడు కార్ఖానా ఏరియాలో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో పనిచేస్తోంది. పోయిన నెల అమ్మను తీసుకెళ్తే తనే సూది పెట్టింది, నొప్పి తెలియకుండా మాటల్లో పెట్టి. బాగున్నవా అని నన్ను నవ్వుతూ పలకరించింది. బాగున్నానని చెప్పి వచ్చేశాను.

ఈ కాగితం ఆమెకు ఇచ్చే ధైర్యం ఉందో లేదో తెలియదు. ఆమె క్షమించాలని అడగను. ఆ రోజు అడిగినదానికి జవాబు మాత్రం ఒక్కసారి నా చేత్తో రాయాలి.

కలిసింది, రిజ్వానా. నేనే పోసిన. కలపని సీసల సగం సింకుల పారబోసింది సుత నేనే.