పుణ్యమెక్కువైన చేపలు

ఇరవై రెండేళ్ల వయసులో లోకం నాకు చాలా తేలికగా అర్థమైపోయేది. ఏ ప్రాణినైనా బతికించడమంటే దాని కడుపు నింపడమేననీ, ఏ మనిషినైనా సంతోషపెట్టడమంటే వాడు వినాలనుకున్నది చెప్పడమేననీ ఆ రోజుల్లో గట్టిగా నమ్మేవాణ్ణి. మొదటి విద్య మా జేజి, అంటే మా నాయనమ్మ, నేర్పింది. రెండోది పుట్టుకతోనే తెచ్చుకున్నాను. ఆ మొదటి విద్య ఒకే వారంలో నాలుగు ప్రాణాలు తీసింది. (పోలీసులకు చెప్పే పని పెట్టుకోకండి, పోయినవి చేపలు.)

అప్పుడు నేను నంద్యాలలో ఒక మందుల షాపులో పనిచేస్తూ, డ్రాయింగ్ సారు మిద్దె మీద ఒంటిగదిలో అద్దెకుండేవాణ్ణి. సారు రిటైరై మూడేళ్లయింది. ఆయన భార్యను నేను అమ్మా అని పిలిచేవాణ్ణి. ఆ ముందు చలికాలంలో ఆమె పోయింది. హాల్లో బల్ల మీద ఆమె పెంచిన గాజుతొట్టి, అందులో ఐదు నారింజరంగు చేపలు మిగిలాయి. కర్నూలు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట వాటిని. ఆమె పోయాక సారు మనుషుల బొమ్మలు గీయడం మానేశాడు. పొద్దస్తమానం ఆ ఐదు చేపలనే, ఒక్కోదాన్ని విడివిడిగా, పొలుసు మీద మచ్చతో సహా గీసేవాడు. తోక సగం తెగిన చేప ఒకటుండేది. దాని బొమ్మలే ఓ కట్ట.

ఎండాకాలం వచ్చేసరికి సారు కూడా సగమయ్యాడు. అనంతపురం నుంచి ఆయన అక్క వచ్చి, ఊటీకి పదిరోజులు టికెట్లు చేయించానని చెప్పింది. "నేను రానక్కా, చాపలెవురు చూస్తారు?" అన్నాడు సారు. "చాపల కోసరం మనిషి ఊరు కదలకుంటాడా? నీ మొగం అద్దంలో చూసుకున్న్యావా?" అంది ఆమె. "ఆమె నా చేతిలో పెట్టిపోయిండేది ఇవే గదక్కా" అని ఆయన గోడ వైపు తిరిగాడు. అప్పటిదాకా మెట్ల మీద చెవి ఆనించి నిలబడ్డ నేను హీరోలాగా లోపలికి దూకాను. "నేనుండా గదా సార్!"

సారు నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత మేత డబ్బా తీసి, వేళ్లతో పట్టి, మూడుసార్లు చూపించాడు. "ఒక్క చిటికెడు. పొద్దున ఒక్కసారే. మళ్లీ నోళ్లు తెరుచుకోని పైకొస్తాయి. నమ్మాకు. ఆకలికి ఇవి చావవప్పా, ఎక్కువ ఏస్తే చస్తాయి." నేను తల ఊపాను. (తల ఊపడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడు.)

మూడో రోజున షాపు ఓనరు రంగులు వేయించాలని నాలుగు రోజులు సెలవిచ్చాడు. ఆళ్లగడ్డలో మా జేజి చేతి సంగటి తినక నెలైంది. చేపలను వదిలిపోతే మాట తప్పినట్టవుతుంది, పోకపోతే ప్రాణం లాగుతుంది. చివరికి చేపలనే స్టీలు బిందెలోకి మార్చి, పైన తడిగుడ్డ కట్టి, బస్సెక్కాను. కండక్టరు బిందెలోకి తొంగిచూశాడు. "ఏందప్పా ఇది, కూరకా?" "కాదన్నా, సాకేటివి." "సాకేటివైతే టికెట్ తీసుకో." "నీళ్లల్లో పొయ్యేదానికి బస్సు టికెట్ ఏందన్నా?" అన్నాను. బస్సంతా నవ్వింది. కండక్టరు బిందెకు అర టికెట్ కొట్టాడు కూడా. (ఆ టికెట్ చూపించమని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు. చెదలు తినేశాయి.)

ఆళ్లగడ్డలో మా పక్కిల్లు శిల్పాలు చెక్కే మామది. అంచున చిన్న పగులొచ్చి అమ్ముడుపోని రాతితొట్టి ఒకటుంటే మా పంచలో పెట్టించాడు. చేపలు అందులో తిరుగుతుంటే దేవలోకంలా ఉంది. నేను పొద్దున్నే సారు చెప్పినట్టు కచ్చితంగా ఒక్క చిటికెడు వేసి, స్నేహితులతో క్రికెట్టుకు పోయేవాణ్ణి. అక్కడితో నా బాధ్యత అయిపోయింది. జేజి బాధ్యత అప్పుడు మొదలయ్యేది.

మా వైపు యాగంటి కోనేటికి పోయినవాళ్లెవరైనా చేపలకు బొరుగులు చల్లకుండా రారు. అది పుణ్యం. అలాంటిది చేపలే ఇంటికి నడిచొస్తే ఊరుకుంటారా? జేజి మొదట బొరుగులు వేసింది. తర్వాత సంగటి చిదిమి వేసింది. వీధి వీధంతా కొంగుల్లో బొరుగులు కట్టుకొచ్చింది. పక్కవీధి బీబమ్మ సేమ్యా తెచ్చింది. మూడు రోజుల్లో ఆ చేపల ఖాతాలో పడినంత పుణ్యం ఏ మహర్షికీ పడి ఉండదు. సాయంత్రాలు సారు వాళ్లక్క సెల్ నుంచి ఫోన్ చేసేవాడు. "ఎట్లుండాయప్పా?" "రాజాల్లెక్కుండాయి సార్!"

నాలుగో రోజు పొద్దున నీళ్లు గంజిలా తెల్లబడి, వాసనొస్తున్నాయి. నాలుగు చేపలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. తోక తెగింది ఒక్కటే మూల చేరి నోరు కొట్టుకుంటోంది. నేను జేజి మీద అరిచాను, ఊరంతా వినేలా అరిచాను. ఆమె తొట్టి పక్కన కూలబడింది. "నోరు తెరుచుకోని అడుగుతాండె గదరా అబ్బీ. కరువులో మా తమ్ముడు గూడ అట్లే నోరు తెరుచుకోని చూసినాడు, పెట్టేదానికి ఇంట్లో గింజ లేదు. పెట్టకుంటే చస్తారని నాకు తెలుసు. పెడితే చస్తారని ఎవురు చెప్పినారు నాకు?" అంది. నిజమే. ఆ మాట సారు నాకు చెప్పాడు, నేను ఆమెకు చెప్పలేదు.

ఆ ఒక్కదాన్ని మంచినీళ్లలోకి మార్చి నంద్యాలకు తెచ్చాను. కర్నూలు పోయి నాలుగు కొత్తవి తేవచ్చు. కానీ ప్రతి పొలుసునూ గీసిన మనిషి కళ్లను మోసం చేసేదెట్లా? సాయంత్రం ఫోన్ మోగింది. నిజం చెప్పాలని నోరు తెరిచాను. "సార్, ఈల ఏస్తే అయిదూ వరసగా వచ్చి నిలబడతాండాయి సార్!" అని వచ్చింది. అవతల సారు నవ్వాడు. ఆయన అక్క ఫోన్ లాక్కుని, "ఏం చెప్పినావు నాయనా? మావోడు ఆర్నెల్లకు నవ్వినాడు" అంది. ఇక నా గతి ఏం కావాలి? మరుసటి రోజు చేపలు గుండ్రంగా తిరిగాయి. ఆ మరుసటి రోజు అమ్మ ఫోటో వైపే ముఖం పెట్టి నిద్రపోయాయి. ఫోన్ పెట్టేశాక ప్రతిరోజూ ఆ ఒక్క చేప ముందు కూర్చుని, నువ్వైనా చావకే తల్లీ అని బతిమాలుకునేవాణ్ణి.

సారు వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా తొట్టి దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆయన వీపు చూస్తూ నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

"ఎప్పుడు?"

"అయిదు రోజులైంది సార్."

"మరి ఈలకొచ్చినవి?"

 సారు కుర్చీలో కూర్చున్నాడు. "ఊటీలో ఏం చూసినానో నాకు గుర్తులేదప్పా. ఎప్పుడు సాయంత్రమయితాదా అని చూస్తాంటి" అన్నాడు. తొట్టి వైపు తిరిగి, "ఏదీ, ఈల ఎయ్యి" అన్నాడు. వేయబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా తోక తెగిన చేప పైకొచ్చి నోరు తెరిచింది. ఈలకు కాదు, మేతకని ఇద్దరికీ తెలుసు. సారు ఒక్క చిటికెడు వేశాడు. డబ్బా మూత పెడుతూ, "ఆ నాలుగూ ఇప్పుడేం చేస్తాండాయి?" అన్నాడు.

చెప్పాను. మరుసటి సాయంత్రమూ చెప్పాను. నేను నంద్యాల వదిలేదాకా, రోజూ ఒక కాఫీకి ఒక అబద్ధం. ఆ నాలుగు చేపలు తిరగని ఏరు లేదు. సారు మళ్లీ మనుషుల బొమ్మలు గీయలేదు గానీ, నేను చెప్పినవన్నీ గీశాడు. రెండేళ్లకు తోక తెగింది కూడా పోయిన రోజు నన్ను కేకేసి, "ఇంగ అయిదూ నీ కాడికే వచ్చినాయి. బాగా చూసుకో" అన్నాడు.

సారూ లేడు, జేజీ లేదు. ఆళ్లగడ్డ పంచలో రాతితొట్టి ఉంది, వానొస్తే నిండుతుంది. ఊరికి పోయినప్పుడల్లా దాని పక్కన నిలబడి ఒకసారి ఈల వేస్తాను. "ఎవుర్ని పిలుస్తాండావు?" అంటుంది మా ఆవిడ. "ఎవుర్నీ లేదు" అంటాను. ఎంత పెద్ద అబద్ధమైనా అవలీలగా చెప్పేవాణ్ణి, ఆ ఒక్క చిన్న అబద్ధం దగ్గర మాత్రం ప్రతిసారీ దొరికిపోతాను.